ఏడుపు ఆపిన సీసాలు: గ్రైప్ వాటర్‌కి ముందు ఏం జరిగింది?

రాజుల్ని, యుద్ధాల్ని పక్కన పెట్టి ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న సీసా చరిత్ర చూద్దాం. సాయంత్రమయ్యేసరికి నెలల బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఇంట్లో ఎవరో ఒకరు అనే మాట, "కడుపునొప్పేమో, కాస్త గ్రైప్ వాటర్ పట్టండి." ఈ సీసా రాకముందు ఏం పట్టేవాళ్ళు?

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో గాడ్‌ఫ్రేస్ కార్డియల్ అని ఒక మందు అమ్మేవాళ్ళు. తియ్యటి పాకంలో కలిపిన నల్లమందు, అంతే. తర్వాత ఫ్యాక్టరీల కాలం వచ్చింది. తల్లి పొద్దున్నే మిల్లుకి వెళ్ళాలి. బిడ్డని చూసుకునే ఆవిడ దగ్గర ఇంకా చాలామంది పిల్లలు. తలా ఒక చెంచా పోస్తే అందరూ నిద్రపోతారు. 1845లో ఇంగ్లండ్ కార్మికుల మీద రాసిన పుస్తకంలో ఏంగెల్స్ ఈ మందుని పేరు పెట్టి మరీ ప్రస్తావించాడు.

1849లో అమెరికాలో మిసెస్ విన్స్‌లోస్ సూతింగ్ సిరప్ వచ్చింది. పళ్ళొచ్చే పిల్లల కోసమని ప్రచారం. అందులో ఔన్సుకి, అంటే దాదాపు 30 మిల్లీలీటర్లకి, 65 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఉండేది. మార్ఫిన్ లాంటివి కలిపితే ఆ సంగతి లేబుల్ మీద రాయాలని అక్కడ చట్టం వచ్చింది 1906లో. అప్పటిదాకా చాలామంది తల్లులకి తాము పోస్తున్నదేమిటో తెలియదు.

నల్లమందు ఊపిరిని మందగింపజేస్తుంది. అదొక్కటే కాదు, ఆకలిని కూడా చంపేస్తుంది. మత్తులో ఉన్న బిడ్డ పాల కోసం ఏడవదు. ఏడవట్లేదు కదా, బాగానే ఉంది అనుకుంటారు. కొంతమంది పిల్లలు మోతాదు ఎక్కువై పోయారు, కొంతమంది నిశ్శబ్దంగా చిక్కిపోయి పోయారు.

ఇది తెల్లవాళ్ళ కథే అనుకోవద్దు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన నల్లమందు కమిషన్ ముందు, మన దేశంలో పసిపిల్లలకి అది పెట్టే అలవాటు గురించి కూడా సాక్ష్యాలు వచ్చాయి. బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లుల ఇళ్ళలో వీటికి ‘బాల గోళీ’ అని పేరు. కారణం అక్కడా అదే: పనికి పోవాలి, బిడ్డని పట్టుకునే మనిషి లేదు.

ఈ నేపథ్యంలో చూస్తే గ్రైప్ వాటర్ నిజంగా మెరుగే. 1851లో నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి దాన్ని తయారుచేశాడు. వంటసోడా, సోయకూర గింజల నూనె, చక్కెర, నీళ్ళు, కాస్త ఆల్కహాల్. నల్లమందు లేదు. ఆ ఆల్కహాల్‌ని మాత్రం బ్రిటన్‌లో 1990ల్లో గానీ తీసెయ్యలేదు.

మరి "మా పిల్లలకి పనిచేసింది" అని ఇంతమంది ఎందుకంటారు? 1962లో బ్రాజెల్టన్ అనే పిల్లల డాక్టర్ 80 మంది శిశువుల ఏడుపు లెక్కలు తల్లుల చేత రాయించాడు. ఏడుపు దాదాపు ఆరో వారం దాకా పెరిగి, మూడో నెలకల్లా బాగా తగ్గిపోయింది. అంటే ఆ టైమ్‌లో చేతిలో ఏ సీసా ఉంటే క్రెడిట్ దానికే. సాఫ్ట్‌వేర్‌లో ఇది మాకు బాగా తెలుసు. సర్వర్ దానంతటదే లేస్తుంది, చివరగా బటన్ నొక్కినవాడు హీరో.

1986లో మాంట్రియల్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. మామూలు పిల్లల్ని రోజూ మరికాస్త ఎక్కువసేపు ఎత్తుకోమన్నారు. ఆరో వారంలో ఏడుపు 43 శాతం తక్కువ. కోలిక్ బాగా ఉన్న పిల్లల్లో మాత్రం 1991లో ఆ ఫలితం కనబడలేదు. ఎత్తుకున్నా ఏడ్చే పిల్లలు ఉంటారు, అది తల్లి లోపం కాదు.

మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం వచ్చినా, పచ్చటి వాంతి అయినా, విరేచనంలో రక్తం కనబడినా, పాలు మానేసినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. విసుగొచ్చి బిడ్డని ఎప్పుడూ గట్టిగా ఊపకండి. ఇవేవీ లేకుండా ఊరికే ఏడుస్తుంటే, ఆ తల్లి చేతుల్లోంచి ఒక గంట బిడ్డని మీరు అందుకోండి. ఈ చరిత్ర పొడుగునా సీసా వచ్చి చేరింది ఆ రెండో మనిషి లేనిచోటే.