బదులు పాడేవారు

ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో మూడో ఎడ్వర్డ్ రాజు 1348లో సెయింట్ జార్జ్ పేరున ఒక కాలేజీ పెట్టాడు. చదువు చెప్పే కాలేజీ కాదు. ఒక్క చోట కాపురముండి ఆరాధన జరిపే క్రైస్తవ గురువుల సంఘం. 1352 నాటి కట్టుబాట్లలోనూ ఆ తర్వాతా ఈ సంఘంలో వాడుకైన పేర్లను విప్పుకుంటూ పోతే, అన్నిటి అడుగునా నాకు ఒకటే మాట తగులుతుంది: బదులు.

రాయల్ పెక్యూలియర్: లాటిన్‌లో పెక్యూలియం అంటే సొంత సొత్తు. ‘వింత’ అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. ఈ సంఘం ఆరాధన జరిపే చాపెల్ మీద బిషప్పుకు అజమాయిషీ లేదు. అది నేరుగా రాజు చేతి కిందిది.

వార్డెన్: కాపు కాసేవాడు, సంఘానికి పెద్ద. తర్వాతి కాలంలో ఈ పదవికే డీన్ అన్న పేరు స్థిరపడింది.

కానన్: గ్రీకులో కొలకర్ర. దాన్నుంచి నియమం, నియమానికి కట్టుబడ్డ గురువు. పెద్దతో కలిపి వీళ్లు 13 మంది. కానీ చాలామంది రాజుగారి కొలువులో రాతకోతలు చూసే పెద్ద ఉద్యోగులు. వాళ్ల పని విండ్సర్‌లో ఉండదు. మరి పూజకు ఎవరు నిలబడాలి?

వికార్: ఈ ప్రశ్నకు జవాబు ఈ మాటలోనే ఉంది. వికారియస్ అంటే ఒకరి స్థానంలో నిలిచేవాడు. 13 మంది కానన్లకు 13 మంది వికార్లు. రోజంతా వేళ తప్పకుండా పాడింది వీళ్లే. వీళ్ల కోసం 1478 తర్వాత కట్టిన ఇళ్ల వరుస చాపెల్ పడమటి వాకిలి ముందు గుర్రపు నాడాలా వంగి ఇప్పటికీ నిలిచి ఉంది. చరిత్రలో పేర్లు కానన్లవి మిగిలాయి. గొంతు మాత్రం వీళ్లది. ఆ ఇళ్లకిచ్చే గౌరవం వీళ్లకూ ఇవ్వాలని నా గట్టి నమ్మకం.

క్వోటిడియన్: రోజుబత్తెం. కానన్‌కు ఏడాది జీతం కొద్దిపాటిది. అసలు రాబడి, ఆరాధనకు వచ్చిన రోజున ముట్టే 12 పెన్నీలు. రాని రోజుకు బత్తెం లేదు. భక్తిని శంకించడం కాదిది, మనిషి మనసు ఎరిగి చేసిన ఏర్పాటు.

పూర్ నైట్స్: వీళ్లు గురువులు కారు, అయినా వాళ్ల పక్కనే చెప్పుకోవాలి. గార్టర్ అనే వీరుల శ్రేణిలో 26 మంది. వాళ్ల బదులు రోజూ పూజకు కూర్చోవడానికి చితికిపోయిన యోధులు 26 మంది ఉండాలన్నది సంకల్పం. డబ్బు చాలక ఆ లెక్క నిండలేదు. 1833లో నాలుగో విలియం వీళ్ల పేరులోంచి పేదరికం తీసేసి మిలిటరీ నైట్స్ అన్నాడు.

ఇంత బదులుల గొలుసూ ఒక్క రోజు తెగింది. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో డీన్‌నూ కానన్లనూ వెళ్లగొట్టేశారు. 1649 ఫిబ్రవరిలో, తల నరికించుకున్న మొదటి చార్లెస్ రాజు శవాన్ని ఇక్కడికే తెచ్చి, ఎనిమిదో హెన్రీ పడుకున్న నేలమాళిగలోకి దించారు. పాత పద్ధతిలో ప్రార్థన చదవడానికి కోట అధికారి ఒప్పుకోలేదు. లండన్ బిషప్పు విలియం జక్సన్ మూసిన ప్రార్థన పుస్తకం చేతపట్టుకుని పక్కన నిలబడ్డాడు.