పాత కోడ్ పడేసి మళ్ళీ రాద్దామా? నెట్‌స్కేప్ నుంచి మన ‘పద్మ’ దాకా

ఈ ఎపిసోడ్ రావిర్యాలలో మా ఇంటి మిద్దె మీద కూర్చొని రికార్డ్ చేస్తున్నా. వెనకాల అరుపులు వినిపిస్తే భయపడకండి, వండర్‌లాలో రైడ్ ఎక్కినోళ్లవి.

ఈసారి టాపిక్ చరిత్రే, కానీ నా సొంత గొడవతో మొదలవుతుంది.

బీటెక్ మూడో ఏడులో, 2018లో, నేనొక చిన్న టూల్ రాశా. డిటిపి సెంటర్లలో పాత ఫాంట్లతో టైప్ చేసిన తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే టూల్. ఫోన్లో మనం వాట్సాప్‌లో పంపేది, గూగుల్‌లో వెతికేది అంతా యూనికోడ్ తెలుగే. పాత ఫాంట్ తెలుగుని అలాగే కాపీ చేసి పంపితే అవతలివాళ్లకి పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఆ టూల్‌ని యాంగ్యులర్‌జేఎస్‌లో రాసి, కోడ్ ఓపెన్ సోర్స్‌గా పెట్టేశా. అప్పటికే 2016లో పూర్తిగా కొత్త యాంగ్యులర్ వచ్చేసింది. కానీ సీనియర్లు ఇచ్చిన నోట్స్ పాతదానివి కదా, అందులోనే కానిచ్చేశా. 2021 డిసెంబర్ 31తో పాతదానికి సపోర్ట్ ఆగిపోయింది.

2022లో ఒక వీకెండ్ కూర్చొని మొత్తం రియాక్ట్‌లో మళ్ళీ రాశా. పాత కోడ్‌లో ఒక చోట వింత కండిషన్ ఒకటి కనిపించింది. ఎందుకు రాశానో గుర్తు రాలేదు. చెత్త అనుకొని తీసేశా. కోడ్ నీట్‌గా అయింది, మనసు హాయిగా అయింది.

వారం తర్వాత ఇబ్రహీంపట్నంలో డిటిపి సెంటర్ నడిపే అన్న ఫోన్ చేసిండు. ఆయన ఆ టూల్ రోజూ వాడతాడు. ఒక ఇంట్లో పెద్దాయన పోయిండు, దశదిన కర్మ కార్డులు 200 కొట్టిండ్రు. పేరు ‘కృష్ణయ్య’ అని ఉండాల్సిన చోట ‘కష్ణయ్య’ అని పడింది. వట్రుసుడి ఎగిరిపోయింది. నేను తీసేసిన ఆ వింత కండిషన్ పని అదే.

అన్న తిట్టలేదు. ఒకటే అడిగిండు: “తమ్మీ, పాతది మంచిగనే నడుస్తుండె కదా, ఎందుకు మార్చినవ్?”

కార్డులు మళ్ళీ కొట్టించడానికి డబ్బులు నేనిచ్చా. ఆ ఇంటికెళ్లి చెప్పుకొని వచ్చా. టూల్‌ని పాత వెర్షన్‌కి తిప్పేశా. కానీ అన్న ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఇప్పుడు ప్రాజెక్ట్‌లో కొత్తగా చేరిన ఒక తమ్ముడు మళ్ళీ అదే అడుగుతున్నాడు: “అన్నా, సపోర్ట్ లేని ఫ్రేమ్‌వర్క్ ఇది, కొత్తదాంట్లో రాసేద్దామా?” ఊ అనాలా, వద్దనాలా? అందుకే వెనక్కెళ్లి చూశా. ఇలాంటి నిర్ణయం ముందు తీసుకున్నవాళ్లు ఏమయ్యారు?

మొదటి కథ అమెరికాది. 1990లలో ఇంటర్నెట్ అంటే నెట్‌స్కేప్ బ్రౌజరే. మైక్రోసాఫ్ట్ పోటీకి దిగి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని ఫ్రీగా ఇచ్చేసరికి నెట్‌స్కేప్ కిందికి జారడం మొదలైంది. 1998 మార్చి 31న కంపెనీ తన సోర్స్ కోడ్‌ని ప్రపంచానికి తెరిచేసింది. మొజిల్లా ప్రాజెక్ట్ పుట్టింది అలాగే. కొన్ని నెలలకే ఆ ఏడాది అక్టోబర్‌లో ఇంకో నిర్ణయం: పాత కోడ్ మీద కట్టడం అనవసరం, గెకో అనే కొత్త ఇంజిన్ మీద మళ్ళీ మొదటి నుంచి రాద్దాం.

నెట్‌స్కేప్ 4 వచ్చింది 1997లో. 5 అసలు రిలీజే కాలేదు. 6 వచ్చేసరికి 2000 నవంబర్. మూడేళ్లకు పైగా! మార్కెట్ అంతసేపు ఆగుతుందా? జనం ఎక్స్‌ప్లోరర్‌కి వెళ్లిపోయారు. జోయెల్ స్పోల్‌స్కీ అనే ప్రోగ్రామర్ 2000 ఏప్రిల్‌లో దీని మీద ఒక వ్యాసం రాశాడు, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇప్పటికీ చదువుతారు. ఆయన మాట సారాంశం ఇది: పాత కోడ్‌లో అసహ్యంగా కనిపించే లైన్లలో చాలావరకు ఎవరో ఒకరి సమస్యకి చేసిన మరమ్మతులు. కోడ్ పారేస్తే ఆ మరమ్మతులన్నీ పారేసినట్టే.

చదవగానే నాకు కష్ణయ్య గుర్తొచ్చాడు.

అయితే కథ అక్కడ ఆగలేదు. అదే గెకో మీద 2002 జూన్‌లో మొజిల్లా 1.0, 2004 నవంబర్ 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చాయి. కంపెనీగా నెట్‌స్కేప్ పోయింది, ఆ రీరైట్‌లో పుట్టిన బిడ్డ బతికింది. కాబట్టి ‘రీరైట్ అంటే నాశనమే’ అని ఒక్క మాటలో తేల్చేయలేం.

రెండో కథ వికీపీడియాది. 2001 జనవరిలో మొదలైనప్పుడు అది పెర్ల్ భాషలో రాసిన యూజ్‌మాడ్‌వికీ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచింది. 2002 జనవరిలో మాగ్నస్ మాన్‌స్కే పీహెచ్‌పీలో రాసిన కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారారు. జనం పెరిగేసరికి అదీ మొరాయించింది. లీ డేనియల్ క్రాకర్ మళ్ళీ రాస్తే, జూలైలో దానికి మారారు. తర్వాత మీడియావికీ అయింది అదే. ఏడు నెలల్లో రెండు రీరైట్‌లు! అయినా వికీపీడియా పెరుగుతూనే పోయింది.

నెట్‌స్కేప్‌ని ముంచింది వికీపీడియాని ఎందుకు ముంచలేదు? నాకు అర్థమైంది చెప్తా. వికీపీడియాలో అసలు సరుకు ఉన్నది పేజీల్లో, జనం రాసిన టెక్స్ట్‌లో. సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకునే గిన్నె. గిన్నె మార్చినా పప్పు పప్పే. నెట్‌స్కేప్‌లో ఏళ్ల తరబడి ఇంజనీర్లు నేర్చుకున్నదంతా కోడ్ లైన్లలోనే కలిసిపోయింది. గిన్నె పారేస్తే పప్పు కూడా పోయింది.

ఇక మూడో కథ, మన తెలుగువాళ్లది. నాకు చాలా దగ్గరిది.

1990ల మొదట్లో అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో చదువుకున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఒక పద్ధతి తయారుచేశారు. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే తెలుగు అయ్యే పద్ధతి. దాని పేరు ఆర్‌టిఎస్. రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్ అన్నమాట, అన్నం కాదు, యూనివర్సిటీ పేరు! ఇంటర్నెట్‌లో తెలుగువాళ్లు మాట్లాడుకోవడానికి అది చాలా కాలం ఆధారం.

తర్వాత వెన్న నాగార్జున. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలవడానికి కారణమైన మనిషి. ఆయన రాసిన టూల్ పేరు ‘పద్మ’. అప్పట్లో ఈనాడు లాంటి పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. ఆ ఫాంట్ పనిచేయని కంప్యూటర్‌లో పేజీ తెరిస్తే అంతా గజిబిజి. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ వేసుకుంటే, ఆ గజిబిజిని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగుగా మార్చి చూపించేది.

ఇది ఎంత కష్టమైన పనో కాస్త చెప్పనివ్వండి. పాత ఫాంట్‌లో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ముక్కలు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. మొత్తం 256 గడుల లోపలే అన్నీ సర్దాలి. ఒక్కో ఫాంట్ వాడు ఒక్కో గడిలో పెట్టుకున్నాడు. యూనికోడ్‌లో ‘క్ర’ అంటే ముందు క, తర్వాత పొల్లు, తర్వాత ర. కొన్ని పాత ఫాంట్లలో ఆ ర ఒత్తు ముక్క క కంటే ముందే వస్తుంది, ఎందుకంటే కంటికి ఎడమ పక్క నుంచి మొదలవుతుంది కాబట్టి. ఇలాంటివి ఫాంట్‌కో రకం. వీటన్నిటికీ ఒక్కో ముక్క చూసి, పోల్చి, పట్టిక రాసుకోవాలి. షార్ట్‌కట్ లేదు.

పద్మ ఏ పునాది మీద నిలబడింది? జూల్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద. అది ఎక్కడిది? ఇందాక చెప్పిన నెట్‌స్కేప్ రీరైట్‌లో పుట్టినదే! ఫైర్‌ఫాక్స్ కిటికీలు, మెనూలు, యాడ్-ఆన్‌లు అన్నీ దాని మీదే. జూల్ యాడ్-ఆన్‌లు బ్రౌజర్ లోపల ఏ భాగాన్నైనా ముట్టుకోగలవు. అదే వాటి బలం, అదే మొజిల్లాకి తలనొప్పి. లోపల ఏది మార్చినా ఏదో ఒక యాడ్-ఆన్ విరిగేది. బ్రౌజర్‌ని వేగంగా, భద్రంగా చేద్దామంటే అవి అడ్డం. 2015 ఆగస్టులో మొజిల్లా ప్రకటించింది, పాత యాడ్-ఆన్‌లకి ఇక చెల్లు అని. 2017 నవంబర్ 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. ఆ రోజు నుంచి పాత పద్ధతి యాడ్-ఆన్‌లు ఏవీ అందులో నడవలేదు. కొత్త పద్ధతిలో మళ్ళీ రాయాలి, లేదా ఆగిపోవాలి.

మొజిల్లా తప్పు చేసిందా? నేను అలా అనుకోను. ఆ మార్పు లేకపోతే ఫైర్‌ఫాక్స్ క్రోమ్ ముందు నిలబడేది కాదు. కానీ యాడ్-ఆన్ రాసిన ప్రతి మనిషి నెత్తి మీద ఆ రీరైట్ పడింది. చాలామంది జీతం లేకుండా రాత్రిళ్లు రాసినవాళ్లే.

ఇప్పుడు అసలు మలుపు. పద్మలో మార్పిడి పనంతా చేసేది జావాస్క్రిప్ట్‌లో రాసిన భాగం. దానికి జూల్‌తో పని లేదు. అందుకే ఫైర్‌ఫాక్స్ 57 కంటే పదేళ్లకు పైగా ముందే, 2006 ప్రాంతంలో, వీవెన్ ఆ ఇంజిన్‌ని తీసుకొని మామూలు వెబ్ పేజీలో పెట్టారు. అదే ‘లేఖిని’. ఆ రోజుల్లో తెలుగు బ్లాగులు రాసిన ఎవరినైనా అడగండి, లేఖిని పేరు చెప్తారు. డౌన్‌లోడ్ లేదు, ఇన్‌స్టాల్ లేదు. పేజీ తెరువు, టైప్ చెయ్, కాపీ చేసుకో. జూల్ పోయినా లేఖిని మీద గీత కూడా పడలేదు.

పద్మ చొక్కా చిరిగింది, ప్రాణం ముందే ఇంకో చొక్కాలో ఉంది.

ఈ మూడు కథలు పక్కపక్కన పెట్టి చూశాక, ఇన్నాళ్లూ నేను తప్పు ప్రశ్న అడుగుతున్నానని తెలిసింది. ‘రీరైట్ చేయాలా వద్దా’ అనే ముందు ఇంకో ప్రశ్న ఉంది: నా సాఫ్ట్‌వేర్‌లో కష్టపడి సంపాదించిన తెలివి ఎక్కడ ఉంది? దాన్ని ఫ్రేమ్‌వర్క్ నుంచి విడదీయగలనా? విడదీస్తే ఎన్ని ఫ్రేమ్‌వర్క్‌లు వచ్చిపోయినా భయం లేదు. విడదీయకుండా రాస్తే, వట్రుసుడి ఎగిరిపోతుంది.

నా టూల్‌లో ఫాంట్ పట్టికలు యాంగ్యులర్ కోడ్ మధ్యలో చిక్కుకొని ఉన్నాయి. తప్పు అక్కడ. ఫ్రేమ్‌వర్క్ పాతబడటం రెండో సమస్య.

కాబట్టి ఆ తమ్ముడికి నేను చెప్పిన జవాబు ఇది. రాద్దాం, కానీ ఈ నెల కాదు. ముందు పట్టికలన్నీ బయటికి తీసి, ఏ ఫ్రేమ్‌వర్క్ తెలియని మామూలు ఫైళ్లలో పెడదాం. ఇబ్రహీంపట్నం అన్న దగ్గర పాత ఫైళ్లు బోలెడు ఉన్నాయి. ఆయన సరే అంటే, వాటిలో పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, ఒక్కో దానికి సరైన యూనికోడ్ పక్కన పెట్టి టెస్టులుగా మారుద్దాం. అర్థం కాని ప్రతి కండిషన్‌కీ ఒక టెస్ట్ రాశాకే దాన్ని ముట్టుకుందాం. అవన్నీ పాసైన రోజు పైన చొక్కా ఏదైనా వేసుకో, రియాక్ట్ వేసుకో, స్వెల్ట్ వేసుకో, నీ ఇష్టం.

తమ్ముడు కొంచెం డల్ అయ్యాడు. కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుందామని వచ్చినవాడికి పాత ఫైళ్లు సర్దమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. నాకూ ఆ వయసులో అలాగే ఉండేది. అందుకే మొదటి ఫాంట్ పట్టిక ఇద్దరం కలిసి కూర్చొని తీద్దామన్నా. వచ్చే ఆదివారం మొదలు.

నిన్న అన్న సెంటర్‌కి వెళ్లి విషయం చెప్పా, ఫైళ్లు కావాలని అడిగా. విని, పెన్ డ్రైవ్ చేతిలో పెడుతూ అన్నాడు: “మార్చుర్రి తమ్మీ. కానీ మార్చినంక ఫస్టు కృష్ణ అని కొట్టి చూడు.”

మా మొదటి టెస్ట్ అదే, ఫ్రెండ్స్. మళ్ళీ కలుద్దాం.