వలస కార్మిక కుటుంబాలు : చట్టబద్ధ హక్కులు, ఆపద వేళకు సన్నద్ధత
(రామగుండం - గోదావరిఖని పారిశ్రామిక ప్రాంతంపై ప్రత్యేక వ్యాసం)

గోదావరిఖని వలసతో పుట్టిన పట్టణం. గనులు తెరచిన తొలినాళ్లలో చుట్టుపక్కల జిల్లాల పల్లెల నుండి వచ్చిన కుటుంబాలతోనే ఇక్కడి కాలనీలు వెలిశాయి. 1978 నవంబర్ 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి రామగుండం ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన చేసిన తరువాత ఇతర రాష్ట్రాల వారి రాక పెరిగింది. నేడు నిర్మాణ పనులలో, రైసు మిల్లులలో, కాంట్రాక్టు పనులలో బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల కార్మికులు, పెద్దపల్లి పరిసరాల ఇటుక బట్టీలలో ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలు కనిపిస్తాయి. మొదటి వర్గంలో పురుషులు ఎక్కువగా ఒంటరిగా వస్తారు. ఆపద సంభవిస్తే కబురు అందుకోవలసిన కుటుంబం వేయి కిలోమీటర్ల దూరాన ఉంటుంది. బట్టీ కార్మికుడు ఆలుబిడ్డలతో వస్తాడు. కుటుంబం చెంతనే ఉన్నా భాష రాదు, చేతిలో కాగితం ఉండదు. ఈ రెండు స్థితులకు కావలసిన సన్నద్ధత ఒకటి కాదు.

ఒడిశా నుండి 'దాదన్' కూలీలుగా తరలించబడినవారి దుస్థితి నేపథ్యంలో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. ఫోటోతో కూడిన పాస్‌బుక్, ప్రయాణ భత్యం, స్థానభ్రంశ భత్యం, నివాస వసతి దాని ముఖ్యాంశాలు. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి రావడంతో ఆ చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి-2020 వచ్చింది. మధ్యవర్తి తీసుకువచ్చినవారే గాక, సొంతంగా వచ్చి పనిలో చేరినవారు కూడా, వేతనం నెలకు రూ.18,000 మించనిచో, ఇప్పుడు వలస కార్మికులే. అయితే పాత చట్టం ఐదుగురు వలస కార్మికులున్న సంస్థకు వర్తించగా, కొత్త స్మృతి పది మంది ఉన్న చోటనే వర్తిస్తుంది. స్వస్థలానికి వెళ్లి రావడానికి ఏడాదికొకసారి ప్రయాణ భత్యం నిలిచింది. స్థానభ్రంశ భత్యం తొలగిపోయింది.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్న విషయంలో ఈ ప్రాంతంలో గందరగోళం ఎక్కువ. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం వాటా ఉన్నప్పటికీ, గని అయినందున అక్కడి కాంట్రాక్టు కార్మికుల వ్యవహారం కేంద్ర కార్మిక యంత్రాంగం పరిధిలోనిది. ఎన్‌టీపీసీ విషయమూ అంతే. ఇటుక బట్టీ, రైసు మిల్లు, ప్రైవేటు భవన నిర్మాణం మాత్రం రాష్ట్ర కార్మిక శాఖ చూడవలసినవి. ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి తిరుగుతూ బాధిత కుటుంబం వారం రోజులు పోగొట్టుకోవడం కంటె, దరఖాస్తు అందుకున్న అధికారియే దానిని సరైన కార్యాలయానికి పంపడం ఉచితం.

బొగ్గు ప్రాంతంలో ప్రమాదం ఊహాజనితం కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టులో సంభవించిన పేలుడులో నలుగురు కాంట్రాక్టు కార్మికులు అసువులు బాశారు. స్థానిక కుటుంబానికి యూనియన్లు, బంధుమిత్రులు తోడుంటారు. పరాయి రాష్ట్రం వారికి ఆ అండ ఉండదు. పోస్టుమార్టం ముగిసిన రాత్రే భౌతిక కాయంతో అంబులెన్సు ఎక్కించి, కొంత నగదు చేతిలో పెట్టి, తెల్లకాగితంపై వేలిముద్ర తీసుకుంటే వ్యవహారం ముగిసినట్లు భావించడం పరిపాటి. చట్టం దృష్టిలో అది ముగింపు కాదు. మరణ పరిహారాన్ని యజమాని అధీకృత అధికారి వద్ద జమ చేయవలసి ఉంటుంది. మూడు నెలల వేతనానికి మించని అడ్వాన్సు మినహా, వారసులకు నేరుగా ఇచ్చిన సొమ్ము పరిహారంగా పరిగణింపబడదు. కాంట్రాక్టరు చెల్లించకున్నచో ప్రధాన యజమానిపై క్లెయిము చేయవచ్చు. ఇందుకు గడువు రెండేళ్లు. భార్య తన స్వగ్రామం ఉన్న ప్రాంతంలోని అధికారి వద్దనే దరఖాస్తు చేయవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంటి నుండి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం సైతం, పనితో సంబంధం రుజువైనచో, కొత్త సామాజిక భద్రతా స్మృతి పరిధిలోకి వస్తుంది.

ఇందుకు కావలసినవి ఎఫ్‌ఐఆర్ ప్రతి, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, పనిలో ఉన్నట్లు ఆధారం. మరణం సంభవించిన చోటనే, 21 రోజులలోగా నమోదు జరగాలి. ఆధార్‌లోని పేరు, ధ్రువపత్రంలోని పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒడియా, హిందీ పేర్లను తెలుగులో విన్నట్లుగా రాసినందువల్ల తలెత్తే చిక్కులు తరువాత అంత సులువుగా తీరవు. బొగ్గు గని కాంట్రాక్టు కార్మికులకు సీఎంపీఎఫ్ వర్తిస్తుంది. నామినీ పేరు నమోదైనదీ లేనిదీ బతికి ఉండగానే చూసుకోవలసిన విషయం. అసంఘటిత రంగంలోని వారు 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు.

బట్టీలలో చిక్కు వేరు. సర్దారు ద్వారా ముందే అడ్వాన్సు తీసుకుని, సీజను ముగిసేవరకు ఇటుకల లెక్కన బాకీ తీర్చే పద్ధతి అక్కడ సాగుతున్నది. అడ్వాన్సు సాకుతో కార్మికుని కదలనీయకపోవడం వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం-1976 ప్రకారం నేరం. ఆ బాకీ రద్దవుతుంది. విచారణ జరిపి విడుదల పత్రం ఇచ్చే అధికారం జిల్లా కలెక్టరు, ఆర్డీఓలకు ఉన్నది. విడుదలైన వారికి తక్షణ సహాయంగా రూ.30 వేల వరకు లభిస్తుంది.

అరెస్టు జరిగినచో కారణం తెలుపడం, బంధువుకో మిత్రునికో సమాచారమివ్వడం, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచడం తప్పనిసరి. తల్లిదండ్రులిద్దరూ ఆసుపత్రిలోనో, పోలీసు స్టేషన్‌లోనో ఉన్నప్పుడు పిల్లలు ఎవరి వద్ద ఉండాలో కుటుంబం ముందుగానే అనుకుని, ఆ వ్యక్తి పేరు పిల్లలకు నేర్పడం మేలు. 1098కు ఫోన్ చేస్తే బాలల సహాయ యంత్రాంగం స్పందిస్తుంది. న్యాయ సహాయానికి 15100; స్త్రీలకు, బాలలకు, కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అది ఉచితం.

2020 మే 1న లింగంపల్లి నుండి హతియాకు దేశంలోని తొలి శ్రామిక్ రైలు బయలుదేరిన నాటికే రాష్ట్ర ప్రభుత్వం వలస కార్మికునికి తలా 12 కిలోల బియ్యం, రూ.500 ప్రకటించింది. ఆ పంపిణీలో అధికారులకు ఎదురైన మొదటి ప్రశ్న ఎవరు ఎక్కడ ఉన్నారన్నదే. నేడు సొంత రాష్ట్రపు రేషన్ కార్డుతో ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకునే వెసులుబాటు ఉన్నది. టీసీ ఆలస్యమైనదన్న కారణంతో పిల్లలకు బడిలో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం చెబుతున్నది.

బట్టీల సీజను సాధారణంగా నవంబరులో మొదలై జూన్‌లో ముగుస్తుంది. రిజిస్టర్ల తనిఖీ మొదటి నెలలోనే జరిగినచో పేరు, స్వగ్రామం, ఇంటి ఫోన్ నంబరు రికార్డులోకి చేరుతాయి. వారికి పంచే కరపత్రం ఒడియాలో, హిందీలో ఉండాలి. చదువు రానివారికి బట్టీ వద్దనే, వారి భాష తెలిసిన వ్యక్తి చేత చదివి వినిపించాలి.