గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకముల రాక

ఒక ఊరిలో గ్రంథాలయమును స్థాపించుట అంత కష్టమైన పని కాదు. ఉత్సాహవంతులు పదిమంది కూడి, తమ యిండ్లలోని గ్రంథములు తెచ్చి, ఒక గదిలో రెండు బీరువాలు నిలిపిన చాలును, ప్రారంభోత్సవము జరిగిపోవును. కష్టము మరునాటినుండి మొదలగును. శ్రద్ధగల చదువరి యున్న పుస్తకములను కొద్ది నెలలలోనే ముగించును. అటుపిమ్మట వచ్చినప్పుడు బీరువావైపు చూచి, "క్రొత్తవి ఏమైన వచ్చినవా?" అని అడుగును. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగిన గ్రంథాలయము బ్రదుకును. చెప్పలేనిది కొంతకాలమునకు తాళము పడిన గదియై మిగులును. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమ చరిత్ర, ఒక విధముగా, ఈ ప్రశ్నకు పెద్దలు వెదకిన సమాధానముల చరిత్రయే. స్వస్థలమునకు దూరముగా టాటానగరమున నివసించు తెలుగు కుటుంబములకు ఆ చరిత్ర కేవలము కాలక్షేపము కాదు.

టాటానగరమునకు తెలుగువాడు పుస్తకము చేతబట్టి వచ్చినవాడు కాడు, పనికై వచ్చినవాడు. 1907వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన టాటా ఉక్కు సంస్థ యేర్పడినది. సువర్ణరేఖా, ఖర్కాయి నదులు కలియు చోటికి సమీపమున సాక్చి యను పల్లెయొద్ద కర్మాగారము వెలసి, 1912 ఫిబ్రవరి 16వ తేదీన తొలి ఉక్కు దిమ్మ పోతపోసికొన్నది. మొదటి ప్రపంచ యుద్ధమున ఈ కర్మాగారపు పట్టాలు మెసొపొటేమియావరకు పోయినవి. అందులకు కృతజ్ఞతగా 1919 జనవరి 2వ తేదీన వైస్రాయి చెమ్సుఫర్డు ప్రభువు ఊరికి జంషెడ్‌పూర్ అని పేరుపెట్టెను. కాలిమాటి యను రైల్వే స్టేషను టాటానగర్ అయ్యెను.

గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి ఇచటికి జనులు తరలివచ్చుటకు రైలుమార్గమే ముఖ్యసాధనము. తూర్పుతీరపు రైలుమార్గమున ఉత్తరభాగమును 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే స్వీకరించుటతో, వాల్తేరునుండి ఖరగ్‌పూర్ మీదుగా కాలిమాటివరకు ఒకే కంపెనీ యధీనమైన మార్గ మేర్పడినది. పిమ్మట ఉక్కు సంస్థతోపాటు కేంద్రప్రభుత్వ సంస్థలును వెలసినవి. జాతీయ లోహశోధన కేంద్రమును 1950 నవంబరు 26వ తేదీన నెహ్రూ ప్రారంభించెను. 1955 ఆగస్టు 1వ తేదీనుండి టాటానగర్ స్టేషను ఆగ్నేయ రైల్వేలో చేరినది. రైల్వే, తపాలా, పరిశోధన, పన్నుల శాఖల ఉద్యోగులు బదిలీలపై వచ్చుచు పోవుచుందురు. బిష్టుపురములోని శ్రీరామ మందిరము, కదమాలోని ఆంధ్ర సంఘము ఈ ప్రవాసజీవనమునకు ఆటపట్టులైనవి. దైవమునకు గుడి, పండుగకు పందిరి ఏర్పడినవి. మిగిలిన ప్రశ్న యొక్కటే: చదువుటకు తెలుగు పుస్తక మెచటినుండి రావలెను?

ఈ ప్రశ్న ప్రవాసాంధ్రులకే పుట్టినది కాదు. తెలుగుదేశముననే అది మొదట పుట్టెను. విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తి 1886లో గ్రంథాలయమును నెలకొల్పెను. రాజమహేంద్రవరమున నాళము కృష్ణారావు 1898లో స్థాపించిన గ్రంథాలయమునకు తన గురువగు వడ్డాది సుబ్బారాయకవి పేరిట వసురాయ గ్రంథాలయమని పేరిడెను. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అవతరించెను. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని పుట్టుకకు కారకులు. అయితే ఈ స్థాపకులందరు ఒక చిక్కు నెదుర్కొనిరి. డబ్బున్నను కొనుటకు తగినన్ని క్రొత్త పుస్తకములు లేవు! కావ్యములు, ప్రబంధములు, శతకములు, పురాణములు అచ్చులో లభించుచుండెను గాని, చరిత్రయు విజ్ఞానశాస్త్రములును తెలియగోరు సామాన్య చదువరికి తెలుగున దొరకు గ్రంథములు స్వల్పము.

గ్రంథాలయమును స్థాపించినవారే గ్రంథములను పుట్టింపవలసిన స్థితి యేర్పడినది. కనుకనే 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి జనించెను. మండలి తొలిగ్రంథముగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్ర 1907లో వెలువడినది. చందాదారుల యండతో వరుసగా చరిత్రలు, శాస్త్రగ్రంథములు, నవలలు వెలువడినవి. చందా కట్టిన చిన్న ఊరి గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకము దానంతట అదే నడచివచ్చును. కొనువాడు ముందు, పుస్తకము వెనుక: ఈ యేర్పాటు తెలుగు ప్రచురణమునకు వెన్నెముక యయ్యెను.

తెలుగుదేశమునకు వెలుపల నివసించువారికి ఇంకొక విషయము ఉత్సాహము కలిగించును. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1908లో వారపత్రికగా మొదలుపెట్టినది బొంబాయి నగరమున. అది 1914లో చెన్నపట్టణమునకు వచ్చి దినపత్రిక యయ్యెను. తెలుగు పత్రికాప్రపంచమున అంతటి స్థానము నొందిన పత్రిక పరభాషా ప్రాంతమున ఊపిరి పోసికొన్నది. ప్రవాసులు తీసికొనువారే కాని యిచ్చువారు కారను మాట దీనివలన తేలిపోవుచున్నది.

చెదరియున్న గ్రంథాలయములకు సంఘశక్తి 1914లో కలిగినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో, 1911లో వెలసిన రామమోహన గ్రంథాలయము ఉత్సాహముతో నడచుచున్న ఆ నగరముననే, గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షత వహించెను. అయ్యంకి వెంకటరమణయ్య ఈ ఉద్యమమునకు తన జీవితమును ధారపోసెను. ఆయన కృషివలననే 1919 నవంబరు 14వ తేదీన అఖిలభారత గ్రంథాలయ మహాసభ చెన్నపట్టణమున సమావేశమైనది. ఏటేట నవంబరు 14వ తేదీనుండి జరుగు జాతీయ గ్రంథాలయ వారోత్సవము ఆ దినమునే ఆరంభమగుచున్నది.

ఇంతవరకు పుస్తకము గ్రంథాలయమునకు వచ్చు మార్గమును వెదకిరి. పాతూరి నాగభూషణము గ్రంథాలయమునే కదలించెను. 1935లో కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు పెట్టి పంపు పద్ధతిని ఆయన ప్రారంభించెను. నాడు కాలువ పడవలే డెల్టా గ్రామములకు రహదారి. పడవ యెక్కిన ప్రయాణికునికి గంటలకొలది తీరిక. చేతికి పుస్తక మందిన చదువకేమి చేయును? ఈ యేర్పాటులో ఒక గొప్ప లెక్క యిమిడియున్నది. నూరు పుస్తకములు ఒకే ఊరిలో ఉన్నచో అవి త్వరలోనే పాతవగును. ఆ నూరే పది ఊళ్లు తిరిగినచో, ప్రతి ఊరిలోను క్రొత్తవే. పుస్తకము అచ్చయిన తేదీనిబట్టి కాక, చదువరి దానిని తొలుత చూచిన దినమునుబట్టి క్రొత్తదగును. ధనము తక్కువైన గ్రంథాలయములన్నియు గుర్తుంచుకొనదగిన సత్య మిది.

దీనికి రెండవవైపు వేటపాలెమున కనబడును. నేతపనికి పేరుగన్న ఆ చీరాల ప్రాంతమున ఊటుకూరి వెంకట సుబ్బరాయశ్రేష్ఠి 1918లో సారస్వత నికేతనమును స్థాపించెను. 1929లో మహాత్మాగాంధి దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. నాడు తపాలాలో వచ్చిన పత్రికలను అక్కడివారు చదివి పారవేయలేదు; వరుస తప్పక భద్రపరచిరి. పెద్ద నగరములలో దొరకని సంచికలకై పరిశోధకులు ఆ చిన్న ఊరికి పోయినారు. నేటి క్రొత్త పుస్తకమును శ్రద్ధగా దాచినవాడు రేపటి చరిత్రకారునికి అన్నము పెట్టినవాడు.

దానములపైని, చందాలపైని నడచు సంస్థ దాతల ఉత్సాహమున్నంత కాలమే నడచును. దీనికి శాశ్వతమైన ఉపాయమును శాసనము చూపెను. పుస్తకములు వినియోగమునకే యనియు, గ్రంథాలయము ఎదుగుచుండు ప్రాణివంటిదనియు 1931లో తన పంచసూత్రములలో ప్రతిపాదించిన శియాళి రామామృత రంగనాథన్ కృషి ఫలముగా 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ శాసనము వచ్చెను. హైదరాబాదు రాష్ట్రమున 1955లో, ఆంధ్రప్రదేశమున 1960లో శాసనములు వెలువడినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలగును. ఆంధ్రప్రదేశమున అది రూపాయికి 8 పైసలు. దానితో జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకములు కొని శాఖలకు పంచవలెను. ఇంటి యజమాని తనకు తెలియకయే ఊరి చదువరికి పుస్తకము కొనిపెట్టుచున్నాడు. వసూలైన సొమ్ము సకాలమున చేరదను ఫిర్యాదు చిరకాలముగా ఉన్నదే. అయినను హక్కుగా అడుగుటకు ఆధారము గలదు.

ఆ యాధారము రాష్ట్రపు సరిహద్దుతో ముగియును. 2000 నవంబరు 15వ తేదీవరకు బీహారులోను, ఆనాటినుండి జార్ఖండులోను ఉన్న టాటానగరమున తెలుగు పుస్తకమునకు ఆ సెస్సులో పైసయైన రాదు. 1972లో ఏర్పడి కలకత్తా కేంద్రముగా పనిచేయు రాజా రామమోహనరాయ గ్రంథాలయ సంస్థ సహాయమును రాష్ట్రముల వాటా ధనముతో జతచేసి యిచ్చును గాని, అందులో తెలుగు పుస్తకముల వంతు అడుగువారు ఉన్నగాని రాదు. అడుగుటకు సంఘము, సంఘమునకు చదువరులు ఉండవలెను.

పుస్తకముల మూట వచ్చిన దినమున గ్రంథాలయములో జరుగు పనిని ఒకసారి చూచినవారు మరువరు. బిల్లుతో సరిచూచి, ప్రతి పుస్తకమునకు చేర్పు పుస్తకమున ఒక వరుస అంకె వేయుదురు. ఆ అంకె మరి యే పుస్తకమునకు ఈయరు. ముఖపత్రముపై ముద్రవేసి, లోపలి యొక నిర్ణీత పుటపైన గూడ వేయుదురు. ముఖపత్రము చించినవాడు దానిని కనిపెట్టలేడు. డ్యూయీ పద్ధతి ననుసరించిన చోట తెలుగు సాహిత్యమునకు 894.827 అను అంకె పడును. తరువాత వారము పదిదినములు వాకిటికి ఎదురుగా నున్న బల్లపై వానిని పరచుదురు. ఎవరు ముందు తీసికొందురను చిన్న తగవులాట ఆ బల్లయొద్దనే జరుగును. ఆ తగవు జరుగుచున్నంత కాలము ఆ గ్రంథాలయమునకు భయము లేదు.

ఇటీవలి కాలమున భయమునకు కారణములు పెరిగినవి. 1924లో మొదలైన భారతి 1991లో ఆగిపోయినది. 1947 జూలైలో పుట్టి పిల్లలకు చదువు నేర్పిన చందమామ అచ్చు ప్రతి ఇప్పుడు రాదు. పుస్తకములకు తక్కువ రుసుముతో నడచిన రిజిస్టర్డు బుక్‌పోస్టు సేవ 2024 డిసెంబరులో నిలిచిపోయినది; 2025 మే 1వ తేదీనుండి జ్ఞాన్ పోస్ట్ అను సేవ వచ్చినది. అన్నింటికంటె పెద్ద చిక్కు ఇంటిలోనే యున్నది. ఇచట పుట్టిపెరిగిన బాలబాలికలు హిందీని, ఇంగ్లీషును చదువుదురు. తల్లితో తెలుగు మాటాడుదురు. తెలుగు అక్షరము చూచిన తడబడుదురు. చెవికి వచ్చిన భాష కంటికి రాదు. తాతగారు పోగుచేసిన బీరువా మనుమనికి చెక్కపెట్టెయే యగును. కావున ఇచటి గ్రంథాలయమున క్రొత్త పుస్తకము లనగా పెద్దలకు నవలలు మాత్రమే కాదు. పెద్ద అక్షరములతో, బొమ్మలతో గల బాలల పుస్తకములు మొదట రావలెను.

చరిత్ర చూపిన ఉపాయము లిచట పనికిరానివి కావు. విజ్ఞానచంద్రికవలె ముందుగా చందా చేర్చవచ్చును. పాతూరివారి పడవవలె టాటానగరము, ఖరగ్‌పూరు, రూర్కెలా, భిలాయిలలోని తెలుగు సంఘములు ఏటేట యాబదేసి పుస్తకములు మార్చుకొనవచ్చును. రైలుమార్గము ఉండనే యున్నది. వేటపాలెమువలె తమ సంచికలను తామే భద్రపరచవచ్చును. బదిలీపై పోవు ఉద్యోగి ఒక పుస్తకము నిచ్చిపోవుట, సెలవుపై స్వస్థలమునకు పోయినవాడు ఒక పుస్తకము తెచ్చుట ఆచారముగా చేసినచో, బీరువా నిండుటకు శాసన మక్కరలేదు.

గ్రంథాలయము తలుపు తోసికొని ఒక బాలుడు వచ్చి, "క్రొత్తవి ఏమైన వచ్చినవా?" అని అడిగిననాడు, దానికి సమాధానము బల్లపై సిద్ధముగా నుండవలెను. అతడు ఆ ప్రశ్నను తెలుగున అడుగుచున్నంత కాలము ఈ శ్రమ వ్యర్థము కాదు.