గుండ్లకమ్మ రేవులో 2,222 మంది

1878 జులై 3. తెల్లవారి ఆరయింది. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్లు, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ గట్టు. వెనక నల్లరేగడి చేలు, ముందు జనం. నీళ్లలో ఇద్దరు బోధకులు. గుమాస్తా కాగితం చూసి పేరు పిలుస్తాడు. పిలిచిన మనిషి తలగుడ్డ తీసి పక్కవాడి చేతిలో పెట్టి దిగుతాడు. బోధకుడి చెయ్యి మెడ కిందికి పోతుంది, వెల్లకిలా ఒక్క మునక. ముక్కులోకి పోయిన నీళ్లు చీదుకుంటూ ఆ మనిషి గట్టెక్కేలోపే ఇంకో పేరు.

ఎక్కువమంది మాదిగవాడల వాళ్లు. చెప్పులు, మోటతోళ్లు కుట్టే చేతులు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తున్నారు, గమనించండి.

బోధకులు ఆరుగురు, వంతుకు ఇద్దరు. క్లౌ దొర మాత్రం నీళ్లలోకి దిగడు, గట్టునే ఉంటాడు.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికా బాప్టిస్టు. పాదిరీ కాకముందు మిన్నెసోటాలో సర్వే పని చేసినవాడు. ధాత కరువులో ఆ విద్యే అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు పట్టి, ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆయన చేసిన వాటిలో నాకు పెద్దదిగా కనిపించేది ఆ ఆపడమే.

లెక్కలవాళ్లు మతంలోకి వచ్చాక అందరూ ఒకే దారిన పోరు. ఇంగ్లండు బళ్లకు అంకగణితం పుస్తకాలు రాసిన కొలెన్సో 1853లో నేటాల్ బిషప్పయ్యాడు. 1860 నుంచి మన తెలుగు కూలీలు చెరకు తోటలకు ఓడలెక్కి పోయిన నేటాలే అది. ఆరు లక్షల మంది మగవాళ్లు ఉన్న ఇశ్రాయేలు సమాజం ప్రత్యక్షపు గుడారం గుమ్మం ముందు ఎలా పడుతుందని బైబిల్ అంకెల్నే కూడి చూసి, కుదరదని 1862లో అచ్చువేశాడు. చర్చి భగ్గుమంది.

ఆ బిషప్పు చూపుతోనే ఈ రేవునూ చూద్దాం. పదకొండింటికి ఆపారు, రెండింటికి మళ్లీ మొదలెట్టి అయిదింటికి ముగించారు. ఎనిమిది గంటలు, ఇద్దరు బోధకులు, 2,222 మంది. మనిషికి దాదాపు ఇరవై ఆరు సెకన్లు. కుదురుతుంది. నిన్న 614 మంది, రేపు 700. మూడు రోజులకూ కలిపి 3,536.