పూటకూళ్లవాని లెక్క

క్రిస్మస్‌కు ముందు వారాల్లో మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్ సంఘాల యౌవనస్థులు రాత్రిపూట దుప్పట్లు, బిర్యానీ పొట్లాలు పట్టుకొని స్టేషన్ల బయటికి వెళ్తారు. మంచి పని. కానీ దుప్పటి అందుకున్న మనిషి కాలిపుండులో పురుగులుంటే, అతడు తన పేరే చెప్పలేని స్థితిలో ఉంటే, ఆ తర్వాత ఏమిటి?

మంచి సమరయుని ఉపమానంలో మనం ఎక్కువగా ప్రసంగించేది దారి మీద జరిగిన సంగతి. లూకా 10వ అధ్యాయంలో కథ అక్కడ ఆగలేదు. గాయపడినవాణ్ని సత్రానికి చేర్చి, పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, పైన ఎంతైనా తిరిగి వచ్చి తీరుస్తానని సమరయుడు మాటిచ్చాడు. దేనారము ఒక కూలివాని దినవేతనం. అంటే అతడు రెండు రోజుల కూలి చేతిలో పెట్టి, మిగతా లెక్కంతా తన మీద వేసుకున్నాడు.

మన నగరంలో ఆ పూటకూళ్లవాడు ఎవరు? 2011 జనాభా లెక్కల్లో దేశమంతటా ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలు. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఆశ్రయాలు కట్టాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. అయినా ఆశ్రయం లేచి నడవగలవారికి అక్కరకొస్తుంది గానీ, మంచాన పడినవారికి అది చాలదు. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సు వేళ హైదరాబాద్‌లో రెండు నెలలు భిక్షాటన నిషేధించి, దొరికినవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. రోడ్లు శుభ్రపడ్డాయి. మనుషుల సంగతి వేరు.

మంచాన పడినవారిని తీసుకొనేవి ఎక్కువగా దాతల కానుకల మీద నడిచే గృహాలే. మనకు దగ్గరలో అల్వాల్ కేంద్రంగా జార్జ్ రాకేశ్ బాబు 2011లో ఆరంభించిన గుడ్ సమారిటన్స్ ఇండియా అలాంటిదే, పేరు సువార్తలోనిదే. వీధిలో వదిలేసిన వృద్ధులను, పుండ్లు పట్టినవారిని తెచ్చి, కడిగి, కట్టుకట్టి, వీలైతే కుటుంబానికి చేర్చడం ఆ పని.

ఇలాంటి గృహానికి అన్నం కొరత అంతగా ఉండదు. పుట్టినరోజులకు, వర్ధంతులకు భోజనం పెట్టేవారు దొరుకుతారు. కొన్ని ఆదివారాల్లో ఇద్దరు దాతలు ఒకే పూటకు వస్తారు. దొరకనిది రాత్రి కాపలా ఉండే ఆయా జీతం, పెద్దల డైపర్లు, కట్టుబట్టలు, షుగరు మందులు, అద్దె, అంబులెన్సు డీజిలు, చివరికి సమాధి ఖర్చు. ఆయా జీతానికి రిబ్బను కత్తిరించే కార్యక్రమం ఉండదు కదా!

విదేశీ నిధుల మీద ఆనుకోవడం ఇక కుదరదు. 2021 క్రిస్మస్ రోజున మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీకే విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణను కేంద్రం నిరాకరించింది. 2022 జనవరిలో తిరిగి ఇచ్చింది. అంత పేరున్న సంస్థకే అలా జరిగితే చిన్న గృహాల మాట చెప్పాలా? కనుక లెక్క స్థానిక సంఘమే మోయాలి. మా విన్నపం ఒక్కటే: ఏడాదికొకసారి పదివేలు ఇచ్చే సంఘం, అదే మొత్తాన్ని నెలనెలా పంచి, దేనికి వాడాలో షరతు లేకుండా ఇవ్వాలి. ఆడిట్ లెక్కలు అడగాలి. అడగడం అవిశ్వాసం కాదు. కానుక బ్యాంకు ద్వారా పంపితే మేలు, రూ. 2,000 మించిన నగదుకు పన్ను మినహాయింపు వర్తించదు.

ఇంకొకటి, కొందరికి నచ్చకపోయినా చెప్పాలి. ఆకలిగొన్నవాని పళ్లెం ముందు పాట పాడించడం, పుండు కడుగుతూ ఫొటో తీయడం పరిచర్య కాదు. సమరయుడు గాయపడినవాని మతం అడగలేదు.

మీ వీధిలో అలాంటివారు కనబడితే, గాయమో జ్వరమో ఉంటే ముందు 108కి ఫోన్ చేయండి. మతిస్థిమితం లేక తన్ను తాను చూసుకోలేక తిరుగుతున్నవారిని రక్షణలోకి తీసుకోవడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పోలీసుల బాధ్యత, ఠాణాకు తెలియజేయండి. గృహాలు చేర్చుకొనే ముందు సాధారణంగా పోలీసు లేఖ అడుగుతాయి, మంచం ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కోండి. చేర్చిన మరుసటి వారం ఒకసారి వెళ్లి, అతని ఖర్చు ఎంతవుతోందో అడగండి.