పోకర్ టోర్నమెంట్: నిర్మాణ పరిణామం, క్రీడావిధానం – చారిత్రక పరిశీలన

కీలక పదాలు: పోకర్, టోర్నమెంట్, చిప్స్, నైపుణ్యం, అదృష్టం, పేకాట చట్టాలు

ఉపోద్ఘాతం

నగదు పేకాటలో చిప్స్ అంటే డబ్బే. ఆటగాడు ఎప్పుడైనా లేచిపోవచ్చు, మిగిలినదాన్ని నగదుగా మార్చుకోవచ్చు, ఉన్నదంతా పోయేవరకు కూర్చోనూవచ్చు. టోర్నమెంట్ పద్ధతి ఈ సంబంధాన్ని తెంచింది. ఈ మార్పు ఎలా వచ్చింది, ఆడే తీరును ఎలా మార్చింది, నైపుణ్యమా అదృష్టమా అనే వివాదానికి ఏమి చేర్చింది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధానాంశాలు.

1. ఓటు నుండి ఫ్రీజ్-అవుట్‌కు

1970లో లాస్ వేగాస్‌లోని తన హార్స్‌షూ కసీనోలో బెన్నీ బినియన్ పేరుపొందిన ఆటగాళ్ళను సమావేశపరచి ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ను ప్రారంభించాడు. ఆ ఏడాది జరిగినవి నగదు ఆటలే. మేటి ఎవరన్నది ఆటగాళ్ళ ఓటుతో తేలింది. జానీ మాస్ ఎన్నికయ్యాడు. 1971లో ఫ్రీజ్-అవుట్ పద్ధతి వచ్చింది. ఒక్కొక్కరు 5,000 డాలర్లు చెల్లించి సమానమైన చిప్స్‌తో కూర్చుంటారు. చిప్స్ అయిపోయినవారు వైదొలగుతారు. చివర మిగిలినవాడే విజేత. మాస్ మళ్ళీ గెలిచాడు, ఈసారి ఆటలోనే. 1972లో 10,000 డాలర్లకు పెరిగిన ప్రవేశ రుసుము నేటికీ అంతే. తొలి ఏళ్ళలో మొత్తం సొమ్ము విజేతకే దక్కేది. 1978 నుండి దాన్ని పలువురికి పంచసాగారు. చిన్నదిగా కనిపించే ఈ మార్పే తరువాతి వ్యూహచింతనకు మూలమైంది.

2. క్రీడావిధానం

ప్రధాన పోటీలో ఆడేది నో-లిమిట్ టెక్సస్ హోల్డెమ్. ప్రతివారికీ రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్లమీద మొదట మూడు, తరువాత ఒకటి, చివర మరొకటి, మొత్తం ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా తెరుస్తారు. నాలుగు విడతల్లో పందెం సాగుతుంది. ఏడింటిలో మేలైన ఐదు ముక్కల కూర్పు ఉన్నవాడు గెలుస్తాడు; మిగిలినవారంతా ముక్కలు వదిలేస్తే, చూపకుండానే గెలుస్తాడు. ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా తప్పనిసరి పందెం కాయాలి. వీటినే స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ అంటారు.

టోర్నమెంట్‌లో ఈ బ్లైండ్స్ నిర్ణీత కాలానికొకసారి పెరుగుతాయి. ఇటీవలి ప్రధాన పోటీల్లో ఒక్కొక్కరికి 60,000 చిప్స్ ఇస్తారు. ఒక్కో అంచె రెండు గంటలు. ఏమీ ఆడకుండా కూర్చున్నవాడి చిప్స్ కూడా కరిగిపోతాయి కాబట్టి నిరీక్షణకూ మూల్యం ఉంటుంది. ఒక చుట్టులో కట్టవలసిన తప్పనిసరి పందేల మొత్తంతో చేతిలోని చిప్స్‌ను భాగిస్తే ఎన్ని చుట్లు నిలవగలమో తెలుస్తుంది. పాల్ మాగ్రియెల్ పేరుమీద ‘ఎమ్’ అని పిలిచే ఈ కొలతకు డాన్ హారింగ్టన్ గ్రంథాలు విస్తృత ప్రచారం కల్పించాయి. అది బాగా తగ్గినప్పుడు ఆటగాడికి మిగిలేవి రెండే మార్గాలు: ముక్కలు వదలడం లేదా ఉన్నదంతా ఒడ్డడం.

3. చిప్స్‌కు, సొమ్ముకు మధ్య దూరం

ముగ్గురు మిగిలారని, వారి వద్ద సమానంగా చిప్స్ ఉన్నాయని, బహుమతులు 50, 30, 20 అని అనుకుందాం. ఒక్కొక్కరి వాటా విలువ 33.3. ఇద్దరు సర్వం ఒడ్డితే ఓడినవాడికి 20 దక్కుతుంది. గెలిచినవాడి చిప్స్ రెట్టింపైనా అతని వాటా విలువ 43.3 మాత్రమే. ఆడని మూడవవాడి వాటా 36.7కు పెరుగుతుంది. అంటే లాభం 10, నష్టం 13.3. గెలిచే అవకాశం కనీసం 57 శాతం ఉంటేనే ఆ పందెం తగినది. నగదు ఆటలోనైతే, ఇదే పందేనికి సగానికి కాస్త మించినా చాలు. గుర్రపు పందేలకు డేవిడ్ హార్విల్ 1973లో ప్రతిపాదించిన సూత్రాన్ని మేసన్ మాల్మత్ 1987లో పోకర్‌కు అన్వయించడంతో ఈ లెక్క సాధ్యమైంది.

4. శాటిలైట్లు, విస్తరణ

చిన్న రుసుముతో ఆడి పెద్ద పోటీలో స్థానం గెలుచుకొనే శాటిలైట్ పద్ధతి ద్వారా వచ్చి 1983లో టామ్ మెకెవాయ్ ప్రధాన పోటీ విజేత అయ్యాడు. 2003లో ఆన్‌లైన్ శాటిలైట్ ద్వారా వచ్చిన క్రిస్ మనీమేకర్ 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు పొందాడు. 2006లో పోటీదారులు 8,773కు, 2024లో 10,112కు చేరారు.

5. నైపుణ్యమా, అదృష్టమా?

ఈ ప్రశ్న తెలుగునేలకు కొత్తది కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్య క్రీడగా గుర్తించి, మూడుముక్కలాట నుండి వేరుచేసింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది పారవేయాలో నిర్ణయించడం అందుకు ఆధారాలు. అదే కొలతతో చూస్తే పై లెక్కలు పోకర్ టోర్నమెంట్‌లోని నైపుణ్యాన్ని చూపుతాయి. అయితే వేలమంది తలపడే ఒక్క పోటీలో గెలుపు ఆ నైపుణ్యానికి రుజువు కాజాలదు. 57 శాతం అనుకూలమైన పందెం కూడా 43 సార్లు ఓడుతుంది.

ముగింపు

ఫ్రీజ్-అవుట్ అదృష్టాన్ని తొలగించలేదు, నష్టానికి హద్దు గీసింది. ప్రవేశ రుసుముకు మించి పోయేది లేదు. కానీ ఓడినవారికి మళ్ళీ ప్రవేశమిచ్చే పోటీలు, ఎడతెగని శాటిలైట్లు ఆ హద్దును చెరిపివేస్తాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ డబ్బు పందేలను నిషేధించాయి. 2025 నాటి కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం అనే భేదాన్నే పక్కనపెట్టింది. 1968లో న్యాయస్థానం ఆట స్వభావాన్ని విచారించగా, నేటి చట్టం దాని పర్యవసానాన్ని విచారిస్తున్నది. టోర్నమెంట్ చరిత్రను ఈ రెండు దృష్టులతోనూ చదివినప్పుడే దాని అధ్యయనం సమగ్రమవుతుంది.